మామిడి కాయకు రంధ్రం: ఉడుత పనా, కాయతొలుచు పురుగు పనా?

మామిడి పిందె గోళీ సైజు దాటి నిమ్మకాయ సైజుకు వచ్చేసరికి చెట్ల కింద కాయలు రాలడం మొదలవుతుంది. రాలిన కాయను తీసి చూస్తే రంధ్రం ఉంటుంది. తల ఎత్తి చూస్తే కొమ్మ మీద ఉడుత ఉంటుంది. ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదన్నట్టు నేరం దాని మీదే పడుతుంది. ఆ తర్వాత కొందరు వలలు కొంటారు, కొందరు రోజంతా డబ్బాలు మోగిస్తారు, మరికొందరు అరటిపండులో మందు పెట్టి తోటలో వదులుతారు. కాయలు మాత్రం రాలుతూనే ఉంటాయి.

కోస్తా జిల్లాల్లో మామిడి వేసే రైతులకు ఇది ఏటా ఎదురయ్యే సమస్యే. ఎందుకంటే ఆ రంధ్రాల్లో చాలా వాటికి కారణం ఉడుత కాదు, రెక్కలు చాపితే సుమారు ఒకటింపావు సెంటీమీటరు మాత్రమే ఉండే ఒక చిన్న బూడిదరంగు రెక్కల పురుగు. పగలు ఆకుల చాటున కదలకుండా కూర్చుంటుంది, రాత్రి పూట తిరుగుతుంది. ఇరవై ఏళ్లుగా తోట చేస్తున్న రైతుల్లో కూడా ఆ తల్లి పురుగును కళ్లారా చూసినవారు తక్కువ. ఉడుత పగలే తిరుగుతుంది, కిచకిచమని అరుస్తుంది, అందరికీ కనిపిస్తుంది. కనిపించేదాని మీద ఖర్చు పెట్టి, కనిపించనిదాన్ని వదిలేయడం వల్లే అసలు నష్టం జరుగుతోంది.

రెండూ కాయకు రంధ్రం చేసేవే అయినా రెండింటి పద్ధతి వేరు, వచ్చే సమయం వేరు, నివారణ కూడా పూర్తిగా వేరు. పురుగుకు కొట్టే మందు ఉడుతను ఆపదు. ఉడుతకు కట్టే వల పురుగును ఆపదు. అందుకే డబ్బు తీసే ముందు ఎవరి పనో తేల్చుకోవాలి. దానికి కావలసింది ఒక చాకు, ఒక గంట సమయం.

కాయతొలుచు పురుగు ఎలా బతుకుతుంది

దీని శాస్త్రీయ నామం డియానోలిస్ సబ్లింబాలిస్. పాత పుస్తకాల్లో డియానోలిస్ ఆల్బిజోనాలిస్ అని ఉంటుంది, రెండూ ఒకటే. ఇది దాదాపు మామిడినే నమ్ముకుని బతికే పురుగు. మామిడికి దగ్గరి బంధువులైన ఒకటి రెండు జాతుల చెట్ల మీద తప్ప వేరే పంటల మీద కనిపించదు. కాబట్టి పక్క చేను మిరపలోనో కందిలోనో ఉన్న కాయతొలుచు పురుగుకు, దీనికి సంబంధం లేదు. పేరు ఒకటే కావడంతో చాలామంది ఇక్కడ పొరబడతారు. మిరపకు వాడగా మిగిలిన మందునే మామిడికీ కొట్టేస్తుంటారు.

తల్లి పురుగు ముచ్చిక దగ్గర, కాడ మీద గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో గుడ్లు పొదిగి చిన్న లద్దెపురుగులు బయటికి వస్తాయి. అవి కాయ మీదుగా కిందికి పాకి, ఎక్కువగా కాయ కింది సగంలో, ముక్కు దగ్గర తొలిచి లోపలికి పోతాయి. మొదట కండను తింటాయి. కొంచెం ఎదిగాక టెంకలోకి చేరి జీడిని తింటాయి. జీడి పోయిన కాయ చెట్టు మీద నిలవదు. ముక్కు దగ్గర కుళ్లు పట్టి, ఒక్కోసారి నిలువుగా పగిలి రాలిపోతుంది.

ఎదిగిన లద్దెపురుగును ఒకసారి చూస్తే మళ్లీ మరచిపోరు. తెలుపు, ముదురు ఎరుపు రంగుల పట్టీలు ఒకదాని తర్వాత ఒకటిగా ఒళ్లంతా ఉంటాయి. తల, మెడ నల్లగా ఉంటాయి. పొడవు సుమారు రెండు సెంటీమీటర్లు. ఒక కాయలో తిండి అయిపోతే సన్నని దారం వదిలి దాని మీదుగా వేలాడుతూ పక్క కాయకు చేరుతుంది. గుత్తిలో ఒకదానికొకటి ఆనుకుని ఉన్న కాయలైతే దారం కూడా అక్కర్లేదు, కాయ నుంచి కాయకు నేరుగా పోతుంది. గుత్తుల్లో కాయలు వరుసగా పాడవడానికి కారణం ఇదే.

లద్దె దశ రెండు నుంచి మూడు వారాలు. ఆ తర్వాత కాయ వదిలి చెట్టు బెరడు పగుళ్లలోకో ఎండు కొమ్మల్లోకో వెళ్లి గూడు కట్టుకుని నిద్రావస్థకు పోతుంది. గుడ్డు నుంచి తిరిగి రెక్కల పురుగు అయ్యేదాకా మొత్తం సుమారు నెల నుంచి నలభై రోజులు. గోళీ సైజు పిందె నుంచి కోత వరకు ఉన్న వ్యవధిలో రెండు తరాలు పూర్తి కావచ్చు. మొదటి తరాన్ని పట్టించుకోని తోటలో రెండో తరం ఎన్నో రెట్లు పెరిగి వస్తుంది. అదీ కాయ సైజు వచ్చాక వస్తుంది, అంటే రైతు అప్పటిదాకా పెట్టిన ఖర్చంతా కాయలో ఉన్నప్పుడు. సీజన్ అయిపోయాక బెరడు సందుల్లో దాగిన పురుగులే మరుసటి ఏడాది కాపుకు మళ్లీ లేస్తాయి.

ఉడుత సంగతి

మన దగ్గర తోటల్లో సాధారణంగా కనిపించేది వీపు మీద మూడు తెల్ల చారలున్న ఉడుత. శాస్త్రవేత్తలు దానికి ఫునాంబులస్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఆ మాటకు తాడు మీద నడిచేది అని అర్థం. కరెంటు తీగ మీదుగా, కంచె తీగ మీదుగా తోటలోకి అది వచ్చే తీరు చూస్తే ఆ పేరు సరిగ్గా సరిపోయిందనిపిస్తుంది.

ఉడుత బరువు సుమారు వంద నుంచి నూట ఇరవై గ్రాములు. ఎదిగిన బంగినపల్లి కాయ ఒక్కటే దానికి రెండు మూడు రెట్లు తూగుతుంది. అంటే ఒక ఉడుత ఒక కాయను పూర్తిగా తినలేదు. కొంత కొరికి వదిలేసి మర్నాడు ఇంకొకటి కొరుకుతుంది. తినేది చెంచాడు, పాడుచేసేది కాయ. దాని వల్ల వచ్చే నష్టమంతా ఈ అలవాటు వల్లే.

దాని ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. వాటిని అరగదీసుకోవడానికి ఎప్పుడూ ఏదో ఒకటి కొరకాలి. డ్రిప్ లేటరల్ పైపులు, పచ్చి బెరడు, కొబ్బరి పీచు దేన్నీ వదలదు. ఎండాకాలంలో డ్రిప్ పైపులను కొరకడానికి దాహం కూడా ఒక కారణం.

ఉడుత తిండిలో పండ్లు, గింజలు, పూల తేనెతోపాటు పురుగులూ ఉంటాయి. పూల మీద తిరిగేటప్పుడు పుప్పొడి మోసే పని కూడా కొంత చేస్తుంది. రామాయణ కథ వల్ల మన ఊళ్లలో దాన్ని చంపడానికి చాలామందికి మనసొప్పదు. ఉడుతాభక్తి అనే మాట ఊరికే రాలేదు. అయితే నష్టం లెక్కలో భక్తికి చోటు లేదు కాబట్టి లెక్క లెక్కలాగే చూద్దాం.

ఉడుతకు పచ్చి పిందె మీద అంత ఆసక్తి ఉండదు. కాయ పక్వానికి దగ్గరవుతూ లోపల తీపి మొదలైనప్పుడు దాని జోరు పెరుగుతుంది. మన తోటల్లో ఇది ఏప్రిల్ నుంచి కోత అయ్యేదాకా. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నిమ్మకాయ సైజు పిందెలు రంధ్రాలతో రాలుతుంటే ముందు అనుమానించాల్సింది పురుగునే.

కాయను చూసి గుర్తుపట్టడం

ముందు కోయకుండా పైనుంచి చూడండి. పురుగు చేసిన రంధ్రం గుండ్రంగా, చిన్నగా, సూదితోనో మేకుతోనో పొడిచినట్టు శుభ్రంగా ఉంటుంది. రంధ్రం నుంచి సొన కారి కాయ ముక్కు వైపు జారి అక్కడ చుక్కగా గడ్డకడుతుంది. మొదట తేటగా ఉన్న సొన తర్వాత నల్లబడుతుంది. చెట్టు కింద నిలబడి పైకి చూసినా ముక్కు దగ్గర ఆ నల్ల చార కనిపిస్తుంది. రంధ్రం చుట్టూ పురుగు విసర్జన పొడిలా అంటుకుని ఉంటుంది.

ఉడుత కొరికిన చోటు పెద్దది, వంకర టింకరగా ఉంటుంది. అంచుల దగ్గర జాగ్రత్తగా చూస్తే రెండేసి పళ్ల గాట్లు పక్కపక్కనే, చిన్న ఉలితో చెక్కినట్టు కనిపిస్తాయి. తొక్కను తినకుండా ముక్కలుగా గీరి పారేస్తుంది కాబట్టి కింద నేల మీద తాజా తొక్క ముక్కలు పడి ఉంటాయి. కొరికింది ఎక్కువగా కాయ పైభాగంలోనో, కొమ్మ మీద కూర్చుంటే అందే పక్కనో ఉంటుంది. ముక్కు దగ్గరే కొరకాలన్న నియమం దానికి లేదు.

ఇప్పుడు కాయను నిలువుగా కోయండి. లోపల సొరంగం, నల్లని విసర్జన, టెంకలో తినేసిన జీడి, ఎరుపు తెలుపు పట్టీల పురుగు ఉంటే సందేహం లేదు. పురుగు వెళ్లిపోయి ఉన్నా సొరంగం, విసర్జన మిగులుతాయి. ఉడుత కొరికిన కాయలో సొరంగం ఉండదు, టెంక చెక్కుచెదరదు, గాయం బయటి నుంచి లోపలికి గిన్నెలా ఉంటుంది.

ఒక చిక్కు ఉంది. పైన ఉడుత గాట్లు ఉండి, లోపల పురుగు సొరంగం కూడా ఉన్న కాయలు దొరకవచ్చు. పురుగు పట్టి మెత్తబడిన కాయ కొరకడానికి తేలిక. రాలిన కాయ అయితే మరీ తేలిక. అలాంటి కాయను లెక్కలో పురుగు ఖాతాలోనే వేయండి. ఉడుత ముట్టకపోయినా ఆ కాయ మార్కెట్‌కు వచ్చేది కాదు.

వేరే అనుమానితులు కూడా ఉన్నారు, వాళ్లను తొందరగా పక్కన పెట్టవచ్చు. రామచిలుక ముక్కుతో పొడిచిన గాయం లోతుగా, కోణాలుగా ఉంటుంది, పళ్ల గాట్లు ఉండవు. గబ్బిలం రాత్రి వస్తుంది, నమిలి ఉమ్మిన పీచు ముద్దలు తెల్లారి చెట్టు కింద కనిపిస్తాయి. ఎలుక కొరుకుడు ఉడుతదానిలాగే ఉంటుంది కానీ జరిగేది రాత్రి. సాయంత్రం చీకటి పడేముందు బాగున్న కాయ తెల్లవారగానే కొరికి ఉంటే అది ఉడుత పని కాదు, ఉడుత చీకటి పడితే గూటికి చేరుతుంది. పండు ఈగ పక్వానికి వచ్చిన కాయలో గుడ్లు పెడుతుంది, లోపల కాళ్లు లేని తెల్లని పురుగులు మెసులుతుంటాయి. టెంక పురుగు పట్టిన కాయకు బయట రంధ్రమే కనిపించదు, కోసి టెంక పగలగొడితేనే తెలుస్తుంది.

ఒక గంట లెక్క

ఎకరంలో అక్కడక్కడా పది చెట్లు ఎంచుకోండి. గట్టు పక్క చెట్లనే కాకుండా తోట మధ్యవీ కలవాలి, ఎందుకంటే ఉడుతలు కంచె, పాక, కరెంటు తీగల పక్క చెట్లకే ఎక్కువ వస్తాయి, అవి మాత్రమే చూస్తే లెక్క వాటి వైపు మొగ్గుతుంది. ఒక్కో చెట్టుకు నాలుగు పక్కలా అయిదేసి చొప్పున ఇరవై కాయలు చూడండి. మొత్తం రెండు వందలు. సొన చార ఉన్నవి, పళ్ల గాట్లు ఉన్నవి విడివిడిగా రాసుకోండి. వచ్చిన అంకెలో సగం తీసుకుంటే అదే నూటికి ఎన్ని అన్నది. అదే చెట్ల కింద రాలిన కాయలను కూడా కోసి చూడండి. గోళీ సైజు దశ నుంచి పదిహేను రోజులకు ఒకసారి ఇలా చేస్తే చాలు.

అంకెలు ఎలా మారతాయో చూడడానికి ఒక ఉదాహరణ. పది మీటర్ల దూరంలో నాటిన తోటలో ఎకరాకు 40 చెట్లు ఉంటాయి. చెట్టుకు 300 కాయల చొప్పున 12,000 కాయలు అనుకుందాం. పది ఉడుతలు రోజుకు ఒక్కో కాయ చొప్పున నెల రోజులు పాడుచేస్తే 300 కాయలు, అంటే నూటికి రెండున్నర. పురుగు నూటికి పది కాయలకు పడితే 1,200 కాయలు. ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలే. మీ తోటలో ఇది తారుమారు కావచ్చు. ఊరి మధ్య పెరట్లో నాలుగు చెట్లున్నవారికి ఉడుతే పెద్ద శత్రువు కావచ్చు. ఎకరాల్లో తోట ఉన్నవారికి అలా కావడం అరుదు. పది చెట్ల మీద పది ఉడుతలు కనిపించి గుండె గుభేలుమన్నా, నోట్‌బుక్‌లో అంకె చూశాకే ఖర్చు పెట్టండి.

పురుగు అని తేలితే

అన్నిటికంటే ముందు రాలిన కాయలు ఏరాలి. దీనికి మందు ఖర్చు లేదు, కూలి ఖర్చు మాత్రమే. అయినా ఎక్కువమంది వదిలేసేది దీన్నే. రాలిన కాయలో పురుగు చావదు. అది ఎదుగుతూనే ఉంటుంది, ఎదిగాక కాయ వదిలి బెరడు వెతుక్కుంటుంది. కాబట్టి వారానికి కనీసం రెండుసార్లు ఏరండి. ఏరిన కాయలను గట్టు మీద కుప్ప పోస్తే ఏరనట్టే. రెండు అడుగుల లోతు గుంట తీసి పూడ్చి మట్టి గట్టిగా తొక్కాలి. గుంట తీయడం కష్టమైతే మందపాటి నల్ల పాలిథిన్ సంచిలో వేసి మూతి బిగించి కొన్ని రోజులు ఎండలో ఉంచండి. చెట్టు మీదే సొన చారతో కనిపించే కాయలను కూడా చిక్కంతో కోసి ఇందులో కలపండి. ఆ కాయ ఎలాగూ నిలవదు, దాన్ని ఉంచితే పక్క కాయ కూడా పోతుంది.

పక్క తోటవాళ్లు ఏరకపోతే మీ శ్రమలో కొంత వృథా అవుతుంది. చిన్న కమతాల్లో ఇది పెద్ద చిక్కు. పక్కపక్కన ఉన్న నలుగురైదుగురు రైతులు ఒకే రోజు ఏరుకునేలా మాట్లాడుకుంటే ఫలితం కనిపిస్తుంది. తోట గుత్తకు ఇచ్చినవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. గుత్తదారుడికి ఈ ఏడాది కాపుతోనే పని, బెరడులో దాగే పురుగు వచ్చే ఏడాది మీకు మిగిలేది. రాలిన కాయలు ఏరి పూడ్చే బాధ్యత ఎవరిదో గుత్త మాట్లాడుకునేటప్పుడే తేల్చుకోండి.

మందు విషయంలో సమయమే ముఖ్యం. పురుగు కాయలోకి పోయాక పైన ఏం కొట్టినా దానికి తగలదు. గుడ్డు నుంచి బయటికి వచ్చి కాయలోకి దూరే మధ్యలో ఉన్న కొద్ది సమయమే మనకు దొరికేది. అందుకే పిందెలు గోళీ సైజులో ఉన్నప్పుడు మొదటి పిచికారి, పదిహేను రోజుల తర్వాత అవసరాన్ని బట్టి రెండోది చేయాలి. మొదటి దఫాకు 1500 పి.పి.ఎం. వేప మందు లీటరు నీటికి 5 మి.లీ. లేదా 5 శాతం వేప గింజల కషాయం వాడవచ్చు. వేప వాసనకు తల్లి పురుగు గుడ్లు పెట్టడం కొంత తగ్గుతుంది, ఖర్చూ తక్కువ. సాయంత్రం పూట, గుత్తులు, ముచ్చికలు బాగా తడిసేలా కొట్టాలి. ఆకులు తడిసి గుత్తులు పొడిగా ఉంటే మందు పోసినట్టే, పని జరగనట్టే.

ఉధృతి ఎక్కువగా ఉండి రసాయన మందు తప్పనిసరి అనిపిస్తే, లేబుల్ మీద మామిడి పేరు ఉన్న మందునే, రైతు సేవా కేంద్రంలోనో ఉద్యాన శాఖ అధికారినో అడిగి వాడండి. దుకాణంలో ఇచ్చిందల్లా కలిపి కొట్టకండి. ముఖ్యంగా పాత కరపత్రాలు, పాత పుస్తకాలు చూసి మందు కొనేవారికి ఒక హెచ్చరిక. ఈ పురుగుకు ఒకప్పుడు ఎక్కువగా చెప్పిన డైక్లోర్వాస్, అంటే రైతుల భాషలో డి.డి.వి.పి., 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో నిషేధం. ఫోరేట్, ట్రయజోఫాస్ కూడా అదే జాబితాలో ఉన్నాయి. ఎవరైనా పాత సరుకు ఇస్తే తీసుకోవద్దు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను పదే పదే కొడితే మిత్ర పురుగులు చచ్చి తేనెమంచు పురుగు, పిండినల్లి పెరుగుతాయి. కోతకు ముందు లేబుల్ మీద ఉన్న నిరీక్షణ కాలం తప్పక పాటించండి, ఎగుమతి కాయ అయితే మరీ.

ఎగుమతి అంటే గుర్తొచ్చింది. ఈ పురుగు లేని దేశాలు దీనికి చాలా భయపడతాయి. ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న టోరెస్ జలసంధి దీవుల్లో 1990లో, ఆ తర్వాత 2001లో కేప్ యార్క్ ప్రాంతంలో ఇది బయటపడినప్పటి నుంచి అక్కడ మామిడి కాయ, మొక్క రవాణా మీద కట్టుదిట్టమైన ఆంక్షలు ఉన్నాయి. కాయలో ఒక్క పురుగు కనిపించినా మొత్తం సరుకు పక్కన పెట్టేస్తారు. ఉడుత కొరికిన కాయ గ్రేడింగ్‌లో బల్ల మీదే కనిపించి ఏరివేతకు పోతుంది. పురుగు కాయ అలా కాదు. చిన్న రంధ్రం, తుడిచేసిన సొన, పైకి చక్కని కాయ. పెట్టెలో చేరి కొనేవాడి చేతిలో బయటపడుతుంది. నూటికి నాలుగు ఉడుత కాయలకన్నా నూటికి ఒక పురుగు కాయ మీ సరుకు పేరును ఎక్కువ చెడగొడుతుంది.

కాయకు కవరు కట్టడం ఈ పురుగుకు మంచి నివారణ. నిమ్మకాయ సైజు దాటి కోడిగుడ్డు సైజు లోపు ఉన్నప్పుడు, మచ్చలేని కాయను ఎంచుకుని, ఒకసారి పిచికారి చేసి ఆరాక కవరు తొడిగి ముచ్చిక దగ్గర బిగించాలి. ఇప్పటికే పురుగు దూరిన కాయకు కవరు కడితే పురుగుకు ఇల్లు కట్టిచ్చినట్టే. కవర్ల వల్ల పండు ఈగ బెడద, ఎండ మచ్చలు కూడా తగ్గుతాయి, రంగు బాగా వస్తుంది. చెట్టంతా కట్టడానికి కూలి గిట్టదు. చేతికి, నిచ్చెనకు అందే కాయలకు, మంచి ధర పలికే రకాలకు కట్టండి. తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీకి పోయే కాయకు కవరు ఖర్చు తిరిగి రావడం కష్టం. కాగితం కవరు ఉడుతను పూర్తిగా ఆపదు, పళ్లతో చీల్చుతుంది. కానీ లోపలి కాయ కంటికి కనిపించదు కాబట్టి దాడి కొంత తగ్గుతుంది.

కొన్ని తోటల్లో ఆకులను కలిపి కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలు ఉంటాయి. కోతకు వచ్చే కూలీలు వాటిని తిట్టుకుంటారు, అందులో న్యాయం ఉంది. కానీ అవి లద్దెపురుగులను వేటాడతాయి. కోత సమయంలో ఇబ్బంది పెట్టే గూళ్లు తీసి, మిగతా కాలం వాటిని ఉండనివ్వడం మంచిది.

ఉడుత అని తేలితే

ముందుగా చేయకూడనిది. అరటిపండులో, వేరుశనగ గింజల్లో పురుగుమందు కలిపి పెట్టొద్దు. ఆ ఎరను తినేది ఉడుత ఒక్కటే కాదు. మేత కోసం తిరిగే కోళ్లు, కుక్క, చివరికి తోటలో ఆడుకునే పిల్లలు దాని మీద చేయి వేయవచ్చు. చచ్చిన ఉడుతను తిన్న గుడ్లగూబ, పిల్లి కూడా చస్తాయి. గుడ్లగూబ పోతే ఎలుకలు పెరుగుతాయి, వాటి లెక్క వేరే కట్టాలి. ఇంత చేసినా పక్క తోట నుంచి కొత్త ఉడుతలు వచ్చి ఖాళీ చోటు నింపుతాయి.

చేయవలసింది దారులు తగ్గించడం. కంచెకు, పాక కప్పుకు, కరెంటు తీగకు తగులుతున్న కొమ్మలు కత్తిరించండి. చెట్టు మానుకు రేకు చుట్టమని కొందరు చెబుతారు. ఒంటరిగా నిలబడ్డ కొబ్బరి చెట్టుకు అది బాగా పనిచేస్తుంది. గుబురుగా పెరిగి కొమ్మ కొమ్మ కలిసిన మామిడి తోటలో రేకు డబ్బు దండగ, ఉడుత నేల మీదికి దిగకుండానే తోటంతా చుట్టివస్తుంది.

పక్వానికి వచ్చిన కాయను చెట్టు మీద ఉంచకపోవడం అన్నిటికన్నా మేలైన పద్ధతి. ధర పెరుగుతుందని పది రోజులు ఆగితే ఆ పది రోజులూ ఉడుతకు, రామచిలుకకు, పండు ఈగకు పండగే. ఒకేసారి కోయకుండా గట్టు పక్క చెట్లను ముందు కోయడం మరో ఉపాయం. గోదావరి జిల్లాల్లో కొబ్బరిలో కోకో వేసినవారికి ఈ సంగతి బాగా తెలుసు. పండిన కోకో కాయను చెట్టు మీద వదిలితే ఉడుత తొలిచి గింజ చుట్టూ ఉన్న తీపి గుజ్జు తిని గింజలు పారేస్తుంది. అక్కడ సకాలంలో కోయడమే ప్రధాన నివారణ.

డ్రిప్ పైపులు కొరుకుతుంటే తోటలో అక్కడక్కడా మట్టి మూకుళ్లలో నీళ్లు పెట్టి చూడండి. ఎండాకాలంలో కొరుకుడు తగ్గుతుంది. మూకుడు ఖరీదు ఒక జాయినర్ ఖరీదుకు మించదు. పెరటి చెట్లకైతే కోతకు మూడు వారాల ముందు వల కప్పడం గిట్టుబాటవుతుంది. తోటంతా కప్పడం గిట్టదు. డబ్బాల చప్పుడు, మెరిసే రిబ్బన్లు రెండు మూడు రోజులు పనిచేస్తాయి, తర్వాత ఉడుత వాటికి అలవాటుపడుతుంది.

కోత అయ్యాక

పురుగు సంగతి జూన్, జూలైలో కూడా గుర్తుండాలి. కోత పూర్తయ్యాక ఎండు కొమ్మలు, పుల్లలు కత్తిరించి తోట బయట కాల్చేయండి. మాను మీద లేచి ఊడివస్తున్న పాత బెరడును మొద్దు కత్తితో గీరి తీసి, దాన్నీ కాల్చండి. లోపలి పచ్చి బెరడుకు గాటు పడకూడదు. ముసలి చెట్లలో ఈ పగుళ్లు ఎక్కువ, పురుగులు కూడా అక్కడే ఎక్కువగా దాగుతాయి. లోపలి కొమ్మలు పలచన చేస్తే గాలి, వెలుతురు ఆడి, మరుసటి ఏడాది పిచికారి గుత్తులకు బాగా అందుతుంది. ఉడుత దారులైన కొమ్మల కత్తిరింపు కూడా ఈ కూలితోనే పూర్తి చేయించుకోవచ్చు.

గుర్తుపట్టడంలో సందేహం ఉంటే కోసిన కాయను, పురుగును వెలుతురులో దగ్గరగా ఫొటో తీసి మీ మండల ఉద్యాన అధికారికి పంపండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరుకు తెలుగులోనే మాట్లాడవచ్చు. కాల్ చేసే ముందు కాయ సైజు, రంధ్రం ఎక్కడుంది, నూటికి ఎన్ని కాయలు అన్నవి రాసి దగ్గర పెట్టుకోండి, వాళ్లు మొదట అడిగేది అవే.